చెదపుట్టల దారి

ఊరు దాటి గుట్ట మొదట్లోకి పోతే ఈరమ్మ ఇల్లు ఒక్కటే ఉంటుంది. ఇంటి పక్కన పుల్లెద్దు ఉండే కొట్టం, కొట్టానికి ఆనుకుని రాళ్లూ మట్టీ పేర్చి కట్టిన కోళ్ల గూడు. గూటికి గుమ్మం ఒకటే, దానికి అడ్డంగా చెక్క పలక. పెరటి చుట్టూ ముళ్లకంచె. కంచె దాటితే కందిచేను, చేను దాటితే బీడు, బీడు దాటితే వాగు. పగటిపూట కోళ్లు కందిచేను సగం దాకా తిరిగి పురుగులు ఏరుకునేవి. పొద్దు వాలిందంటే మాత్రం ఆ నేల వాటిది కాదు.

ఆ ఏడు తెగులొచ్చి ఈరమ్మ కోళ్లన్నీ పోయాయి. ముసలి మైలపెట్ట ఒక్కటే మిగిలింది. ఈరమ్మ సంతకు పోయి కొన్ని పెట్టల్నీ ఒక పుంజునీ గంపలో వేసుకుని తెచ్చింది. అవి కొండ పక్క పల్లెవి. అక్కడ గూడూ లేదు, పలకా లేదు. చీకటి పడితే దొరికిన కొమ్మ ఎక్కి పడుకోవడమే వాటికి తెలుసు. వాటిలో నల్లపెట్ట మరీ చురుకైనది. ఏదైనా కొత్త వస్తువు కనబడితే ముందు అదే పొడిచి చూసేది, మిగతావి దాని వెనక నడిచేవి. పుంజుకి మెడ నిండా రంగులున్నాయి గాని సొంత మాట లేదు. ఆఖరున ఎవరు మాట్లాడితే వాళ్లదే నిజమనేది.

ఈరమ్మ వాటిని వెంటనే వదల్లేదు. కొన్నాళ్లు గూట్లోనే ఉంచి మేతా నీళ్లూ అక్కడే పెట్టింది. తరవాత ఒక సాయంత్రం, పొద్దు గుంకడానికి కాస్త ముందు పలక తీసింది. అంత కొద్ది వెలుగులో అవి ఎక్కువ దూరం పోలేవని ఆమెకు తెలుసు. అవి పెరట్లో అటూ ఇటూ తిరిగేలోగా సత్తుగిన్నెలో జొన్నలు పోసి గలగలా ఆడించింది. మైలపెట్ట పరుగున గూట్లో దూరింది, దాన్ని చూసి కొత్తవీ దూరాయి. ఆ తరవాత రోజూ పలక ఇంకాస్త ముందుగా తీస్తూ వచ్చింది. చివరికి తెల్లవారుతూనే వదిలినా సాయంత్రం గిన్నె చప్పుడు వినబడితే చాలు, ఎంత దూరాన ఉన్నవైనా వచ్చేసేవి. అది ఆలోచించి చేసే పని కాదు. చప్పుడు చెవిన పడగానే కాళ్లు గూటివైపు తిరిగేవి.

ఇదంతా బీడులో తంగేడు పొదల చాటు నుంచి ఒక బావురుపిల్లి చూస్తూనే ఉంది. గూటి గోడ దాని గోళ్లకు లొంగలేదు, పలక పంటికి లొంగలేదు. పట్టపగలు ఒక కోడిని పట్టుకుపోవడం దానికి కష్టం కాదు. కాని ఒకదాన్ని పడితే మిగతావి మళ్లీ కంచె దాటవు. దానిది ఒక్క కోడితో తీరే ఆకలి కాదు. వాగు ఒడ్డున పొదలో ఎదిగిన కూనలున్నాయి. అందుకని పంజా దాచుకుని, ఈరమ్మ ఏం చేస్తోందో రోజూ కళ్లార్పకుండా చూసి నేర్చుకుంది.

అంతలో ఈరమ్మ మంచాన పడింది. విషజ్వరం. పక్క చేను లచ్చుమమ్మ మధ్యాహ్నం వచ్చి, ఎద్దుకు గడ్డేసి, కోళ్లకు దోసెడు నూకలు చల్లి, ఈరమ్మ చేత గంజి తాగించి వెళ్లిపోయేది. సాయంత్రాలు గిన్నె ఆడించేవాళ్లు లేరు. బాగా పొద్దుపోయాక ఈరమ్మే గోడ పట్టుకుని వచ్చి పలక అడ్డం తోసి మళ్లీ పోయి పడుకునేది, తెల్లారి అలాగే వచ్చి తీసేది. లోపల ఎన్ని ఉన్నాయో వంగి చూసే ఓపిక ఆమెకు లేదు.

బావురుపిల్లి ఇక ఆలస్యం చెయ్యలేదు. ఒక మధ్యాహ్నం నల్లపెట్ట కంచె పక్కన ఒంటరిగా కాళ్లతో మట్టి గీరుతూ ఉండగా అవతలి వైపు వచ్చి కూర్చుంది. నల్లపెట్ట ఎగిరి దూరంగా పోబోయింది.

"పోతే పో అమ్మాయ్," అంది బావురుపిల్లి తల కూడా తిప్పకుండా. "నేను ఎలకలు తినేదాన్ని. నిన్ను పట్టాలనుకుంటే ఈ పాటికి పట్టి ఉండేదాన్ని."

నల్లపెట్ట ఆగింది. అది నిజమే మరి. బావురుపిల్లి ఆ ఊసూ ఈ ఊసూ చెప్పింది. కొండ పక్క పల్లె తనకు తెలుసంది. అక్కడి కోళ్లు కొమ్మ మీద గాలికి పడుకునేవనీ, తెల్లారి ఎవరూ పలక తీయకుండానే దిగేవనీ గుర్తుచేసింది. నల్లపెట్టకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు అడిగింది బావురుపిల్లి.

"ఆమె రోజూ పిలిచి మరీ జొన్నలు ఎందుకు పెడుతుందో ఎప్పుడైనా అడిగావా?"

"మేమంటే ఇష్టం కాబట్టి."

"మీ గుడ్లు ఏమవుతున్నాయి?"

నల్లపెట్ట గూటివైపు చూసింది.

"తెగులు రాకముందు ఆ ఇంట్లో ఒక తెల్లపుంజు ఉండేది. చుట్టాలు వచ్చిన రోజు పొద్దున ఆమె గూటి పలక తీసి, దాన్ని ఒక్కదాన్నే బయటికి లాగింది. నా మాట నమ్మకు. మీ ముసలిదాన్ని అడుగు."

ఆ సాయంత్రం నల్లపెట్ట అడిగింది. మైలపెట్ట అబద్ధమాడలేదు, అవునంది. ఆ ఒక్క అవునుతో కొత్త పెట్టలన్నీ గూటి గుమ్మం ముందు ఆగిపోయి, ఆ రాత్రికి అయిష్టంగానే లోపల దూరాయి.

మర్నాడు పొద్దు వాలే వేళకు బావురుపిల్లి కంచె పక్కనున్న చెదపుట్టను పంజాతో బద్దలు కొట్టి పక్కకు తప్పుకుంది. తెల్లటి చెదలు మట్టిలోంచి బిలబిలా పొర్లాయి. లచ్చుమమ్మ చల్లిన నూకలు ఎప్పుడో అరిగిపోయాయి. నల్లపెట్ట పొడిచింది, మిగతావి వచ్చాయి, పుంజు కూడా వచ్చింది. తిని తలెత్తేసరికి వెలుగు పోయింది. చీకట్లో కోడికి గూడు ఎటో కూడా తెలీదు. పక్కనే కానుగ చెట్టుంటే ఎక్కి పడుకున్నాయి. తెల్లారి చూసుకుంటే ఒక ఈక కూడా తగ్గలేదు. నల్లపెట్ట పెరట్లోకి వచ్చి ఆ సంగతి ముసలిదానికి వినబడేలా పదిమార్లు చెప్పింది.

తరవాత రోజు చెదపుట్ట కందిచేలో పగిలింది. ఆ తరవాతది చేను చివర. మరుసటిది బీడు మొదట్లో. ప్రతిసారీ అదే వేళ, ప్రతిసారీ కడుపు నిండా తిండి, ఆ వెంటనే చీకటి, దగ్గర్లో ఒక చెట్టు. ఏ రాత్రీ ఏ ఆపదా రాలేదు. కొన్నాళ్లకు పొద్దు పడమటికి దిగడం ఆలస్యం, కొత్త కోళ్లు వాటంతటవే బీడువైపు నడిచేవి. గూట్లో మైలపెట్ట ఒక్కటే పడుకునేది.

మైలపెట్ట మొదట కోప్పడింది, తరవాత బతిమాలింది. రెండూ పని చెయ్యలేదు. ఒక పొద్దున నల్లపెట్టను కుడితి తొట్టి వెనకకు పిలిచింది.

"పెద్దమ్మా, నువ్వు మళ్లీ గూడు గురించే అయితే నాకు వినే ఓపిక లేదు," అంది నల్లపెట్ట. "నీ ఈరమ్మ మమ్మల్ని కోసుకు తింటుందా లేదా? అది చెప్పు."

"తింటుంది. నేను దాచలేదు. గుడ్లు తీసుకుంటుంది. చుట్టాలొస్తే పుంజును కోస్తుంది. ఎప్పుడో ఒకనాడు నన్నూ కోయవచ్చు."

"మరి ఏ మొహం పెట్టుకుని మమ్మల్ని అందులోకి పొమ్మంటున్నావు?"

"తెగులొచ్చినప్పుడు ఆమె తిండి మానేసి మా నోళ్లలో పసుపునీళ్లు పోసింది. చీకట్లో చిన్న అలికిడి అయినా కర్ర పట్టుకుని వచ్చింది. ఆమె ఏం తీసుకుంటుందో నాకు తెలుసు, ఏం ఇస్తుందో కూడా తెలుసు. నువ్వు పిన్ని అని పిలిచే ఆ బావురుపిల్లి ఏం ఇస్తోందో తెలుసు. ఏం తీసుకుంటుందో అడిగావా?"

"ఇన్నాళ్లూ ఏమీ తీసుకోలేదు."

"అందుకే నాకు భయం," అంది మైలపెట్ట.

నల్లపెట్ట విసురుగా వెళ్లిపోయింది. కాని మైలపెట్టకు ఆ మాట తన నోట వచ్చాకే అసలు ఆలోచన పుట్టింది. ఆ మధ్యాహ్నం ఎండలో అది ఒంటరిగా కంచె దాటింది. పగిలిన చెదపుట్టల్ని ఒకదాని తరవాత ఒకటి చూసుకుంటూ నడిచింది. కంచె పక్కది, చేలోది, చేను చివరది, బీడులోవి. ఎక్కడా పక్కకు పోలేదు, గీత గీసినట్టు వాగువైపే సాగాయి. ఆఖరి పుట్ట వాగు ఒడ్డున ఉంది. పెద్దది, ఇంకా పగలనిది. దాని చుట్టుపక్కల కోడి ఎక్కదగ్గ చెట్టు ఒక్కటీ లేదు. పక్కనే చిక్కటి పొద ఉంది. పొద ముందు ఇసుక మెత్తగా అణిగిపోయి ఉంది, దాని నిండా చిన్నా పెద్దా పంజాల అచ్చులు.

ముసలి కాళ్లు ఎంత వేగంగా పోగలవో అంత వేగంగా వెనక్కి వచ్చింది మైలపెట్ట. వచ్చి చూసింది చూసినట్టు చెప్పింది. పెట్టలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. గూట్లో ఒంటరిగా పడుకోలేక ముసలిది కథలల్లుతోందని నల్లపెట్ట అంది. ఆఖరున మాట్లాడింది అదే కాబట్టి పుంజు కూడా అవునంది.

ఇక మాటలతో అయ్యేది కాదని మైలపెట్ట కొట్టంలోకి పోయింది. పుల్లెద్దు నెమరేస్తూ నిలబడి ఉంది. జొన్నలుండే రేకుడబ్బా దాని ఎదురుగా పిట్టగోడ మీదే ఉంది, డబ్బా మీద సత్తుగిన్నె బోర్లించి ఉంది. కొమ్ముకు అందే దూరం.

"అన్నా, ఈ సాయంత్రం ఆ డబ్బా పడగొట్టాలి," అంది మైలపెట్ట.

పుల్లెద్దు నెమరు ఆపింది. ఇంటావిడ జ్వరంలో ఉంటే గింజలు మట్టిపాలు చేయడమేమిటని అడిగింది. మైలపెట్ట వాగు దగ్గర చూసింది చెప్పింది. ఎద్దు చాలాసేపు ఆలోచించి, అలా అయితే ఇప్పుడే పడగొడతానంది.

"ఇప్పుడు కొడితే వచ్చి తిని మళ్లీ పోతారు. పొద్దు పూర్తిగా పోకముందు, ఇంకాస్త వెలుగు మిగిలి ఉండగా కొట్టాలి. వాళ్లు నా మాట వినరు. ఆ చప్పుడు మాట వాళ్ల కాళ్లు వింటాయి."

"ఆ వేళ నాకెలా తెలుస్తుంది? కొట్టంలో పడమర కనబడదు."

"రోజూ గుట్ట మీదుగా కొంగలు చెరువుకు పోతాయి కదా. అవి దాటగానే కొట్టు."

పుల్లెద్దు సరేనంది. ఇచ్చిన మాట తప్పే జీవి కాదది. మైలపెట్టకు దిగులేమిటంటే, అది తొందరపడే జీవి కూడా కాదు.

సాయంత్రమైంది. కోళ్లు ఎప్పటిలాగే బీడువైపు కదిలాయి. ఈసారి మైలపెట్ట కూడా వాటి వెనక నడిచింది. ముసలిది దారికొచ్చిందని నల్లపెట్ట మురిసింది. బీడు దాటారు, ఇసుక తగిలింది. వాగు ఒడ్డున బావురుపిల్లి పెద్ద పుట్టను పడగొట్టి పక్కన కూర్చుని ఉంది. కోళ్లు చెదల మీద పడ్డాయి. మైలపెట్ట ఒక్కటీ ముట్టలేదు. ఆకాశం వంక చూసింది. పడమర నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. కొంగల జాడ లేదు.

"తినవేం పెద్దమ్మా?" అంది బావురుపిల్లి.

"తింటాను. ముందు ఒక సంగతి అడగనీ. ఇక్కడ చెట్టు లేదే. వీళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారు?"

"పొద ఉందిగా. మెత్తగా, వెచ్చగా ఉంటుంది."

నల్లపెట్ట ముక్కు మట్టిలోనే ఆగింది. కొండ పక్క పల్లెలో పుట్టిన కోడిపిల్లకైనా నేల మీద పొదలో పడుకోకూడదని తెలుసు. తల ఎత్తి చుట్టూ చూసింది. అప్పుడు గమనించింది, వచ్చిన దారి తనకు సరిగ్గా ఆనడం లేదని. మబ్బు వల్ల ఆ రోజు వెలుగు ముందే పోతోంది.

మైలపెట్ట మాట ఆపలేదు. ఈ మధ్య ఎలకలు దొరుకుతున్నాయా అని అడిగింది. వాగులో నీళ్లు ఎప్పుడు తగ్గాయని అడిగింది. బావురుపిల్లి దేనికీ విసుక్కోలేదు, అన్నిటికీ తీరిగ్గా జవాబు చెప్పింది. చీకటి పడేదాకా దానికి మాత్రం తొందరేముంది? మాట్లాడుతూనే నెమ్మదిగా లేచి, కోళ్లకూ బీడుకూ మధ్యకు వచ్చి కూర్చుంది. పొదలో ఆకులు కదిలాయి. గాలి లేదు.

"పిన్నీ," అంది నల్లపెట్ట. "ఆ పొదలో ఎవరు?"

"నా పిల్లలు. వాళ్లకూ ఆకలేస్తుంది కదమ్మాయ్."

చెదలు పొడవడం ఆగిపోయింది. కొంగలు రాలేదు. మబ్బు చూసి అవి ఆ రోజు ముందే ఎటో వాలిపోయి ఉంటాయి. కొట్టంలో పుల్లెద్దు అవి వచ్చేదాకా అలాగే నిలబడి ఉంటుందని మైలపెట్టకు అర్థమైంది.

అక్కడ కొట్టంలో పుల్లెద్దు గుట్ట వైపే చూస్తూ నిలబడి ఉంది. కొంగలు దాటలేదు కాబట్టి వేళ కాలేదని మొదట అనుకుంది. కాని దాని గడ్డి మీద నీడలు కలిసిపోయాయి, గోడ మసకబారింది. ఎప్పుడూ ఇంకాసేపు చూద్దామనుకునే ఎద్దు, ఆ ఇంకాసేపులో ఏం జరిగిపోతుందో తలచుకుని ఇక ఆగలేదు. తల వంచి డబ్బాను కొమ్ముతో ఎత్తి కొట్టింది. డబ్బా రాళ్ల మీద పడి దొర్లింది, జొన్నలు జలజలా రాలాయి, సత్తుగిన్నె గణగణమంటూ తిరిగింది.

వాగు దగ్గర ఆ చప్పుడు సన్నగా వినబడింది. ఏ కోడీ ఆలోచించలేదు. కాళ్లు వాటంతటవే తిరిగాయి. అంత భయంలోనూ, బావురుపిల్లి పక్కనుంచీ దాని మీదుగానూ, రెక్కలు కొట్టుకుంటూ ఒక్కసారిగా పరుగు తీశాయి. ఇన్నాళ్లూ నెమ్మదిగా నడిచొచ్చే కోళ్లనే చూసిన బావురుపిల్లి, దేన్ని పట్టాలో తేల్చుకునే లోపే అన్నీ దాటిపోయాయి. వెనకబడింది మైలపెట్ట ఒక్కటే. బావురుపిల్లి దాని మీదికి దూకింది.

నల్లపెట్ట వెనక్కి తిరిగి చూసింది. అంతవరకూ చురుకుదనమే గాని ధైర్యమంటే ఏమిటో దానికి తెలీదు. అదెలా వచ్చిందో గాని, గోళ్లు చాచి నేరుగా బావురుపిల్లి కళ్ల మీదికి ఎగిరింది. బావురుపిల్లి మైలపెట్టను వదిలి పంజా విసిరింది. నల్లపెట్ట తోక ఈకలు గుప్పెడు దాని పంజాలో ఉండిపోయాయి. పెట్టలు రెండూ చీకటి కమ్మిన బీడులో పడ్డాయి. దారి కనబడలేదు. చప్పుడు మాత్రం ఆగలేదు. పుల్లెద్దు దొర్లిన డబ్బాను తాడు అందినంత మేర పొడుస్తూనే ఉంది. ఆ మోత వెంట ముళ్లూ రాళ్లూ చూడకుండా పరుగెత్తాయి.

మోతకు ఈరమ్మ లేచింది. దుప్పటి కప్పుకుని, టార్చి లైటు వేసుకుని, కర్ర ఊతగా బయటికొచ్చింది. నోటి నిండా ఎద్దును తిడుతూ వచ్చినామె, కోళ్లు ఒకదాని మీద ఒకటి పడుతూ గూట్లోకి దూరడం చూసి నిలబడిపోయింది. లైటు కంచె మీదికి తిప్పితే అవతల కళ్లు పచ్చగా మెరిశాయి. కర్ర విసిరింది. ఆ కళ్లు ఆరిపోయాయి. అప్పుడామె గూటి ముందు కూలబడి, లోపలికి లైటు వేసి ఒక్కొక్కదాన్నీ చూసుకుని పలక తోసింది. లేచి పోతూ పుల్లెద్దు గంగడోలు నిమిరింది.

గూట్లో కోళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని సర్దుకున్నాయి.

"పెద్దమ్మా," అంది నల్లపెట్ట చివరికి. "ఈ పలక అంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు."

"నాకూ లేదు," అంది మైలపెట్ట. "ఇటు జరుగు. నీకు రక్తం కారుతోంది."

ఈరమ్మకు జ్వరం తగ్గాక కోళ్లను మళ్లీ కొన్నాళ్లు గూట్లోనే ఉంచింది. మొదటి నుంచి మొదలుపెట్టి, సాయంత్రాలు కాసేపు వదులుతూ, గిన్నె ఆడిస్తూ మళ్లీ దారికి తెచ్చింది. ఆ తరవాత అవి ఎవరు చెప్పినా చీకటి పడేదాకా కంచె అవతల ఉండలేదు.

వాగు ఒడ్డున బావురుపిల్లి సంగతి వేరేగా తయారైంది. పెద్ద విందు వస్తుందని అది ఎన్నో రోజులు వేట మానేసింది. ఈలోగా దాని ఎలకలు వేరే బావురుపిల్లి పాలయ్యాయి. పొద్దు వాలగానే దాని కాళ్లు దాన్ని చెదపుట్ట దగ్గరికి లాక్కుపోయేవి. అక్కడ పుట్టను గీరి, పక్కకు తప్పుకుని, బీడువైపు చూస్తూ కూర్చునేది. ఎవరూ వచ్చేవారు కాదు. ఆకలికి కూనలు తలో దిక్కు పోయాయి. ఆఖరికి ఒక సాయంత్రం అది కాసేపు చూసి చూసి, తల వంచి, మట్టిలో పాకుతున్న చెదల్ని తనే నాకడం మొదలుపెట్టింది.

మేత వేసేది ఎవరని కాదు, ఆ మేత మనల్ని ఎటు నడిపిస్తోందో చూసుకోవాలి.